డోర్నకల్ అజరయ్య: ఒకే బల్ల, తీరని బాకీ

హైదరాబాదు పాతబస్తీలో నేనుండే వీధికి కొద్ది దూరంలో ఒక చిన్న చర్చి ఉంది. ఆదివారం అక్కడికి వచ్చేవారిలో అధికులు ఇళ్లలో, ఆసుపత్రుల్లో, పారిశుద్ధ్య పనుల్లో చెమటోడ్చే కుటుంబాలవారు. వారిలో చాలామందికి రెండు పేర్లున్నాయి. బాప్తిస్మపు పుస్తకంలో ఒకటి, కుల ధ్రువపత్రంలో మరొకటి. చదువుకునే పిల్లలు రెండో పేరుతో కళాశాలకు వెళ్తారు, మొదటి పేరుతో ప్రార్థన చేస్తారు. ఈ రెండు పేర్ల బతుకును చూసినప్పుడల్లా నాకు బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య జీవితం గుర్తుకొస్తుంది. కులం పేరు అవసరం లేని సంఘాన్ని మన తెలుగు పల్లెల్లో కట్టాలని ముప్పై ఆరేళ్లు శ్రమించిన మనిషి ఆయన. ఆ ప్రయత్నం ఎంతవరకు నెగ్గింది, ఎక్కడ ఆగింది అన్నది మతానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. అది కుల ప్రశ్న.

అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై గ్రామంలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం పల్లెటూరి పాస్టరు. వారిది నాడార్ కుటుంబం. తాటిచెట్టు ఎక్కి కల్లు తీసే వృత్తితో ముడిపడిన ఆ కులానికి అప్పట్లో ఆలయ ప్రవేశం లేదు. పొరుగున తిరువాన్కూరులో ఆ కులపు స్త్రీలు ఒంటిపై రవిక కోసం దశాబ్దాలపాటు పోరాడవలసి వచ్చింది. కులం అవమానాన్ని అజరయ్య పుస్తకాల్లో చదివి తెలుసుకోనక్కరలేదు. క్రైస్తవులైన తరువాత కూడా కులభేదం వెంట వస్తుందని ఆయన విద్యార్థి దశలోనే గ్రహించారు. తోటి క్రైస్తవ విద్యార్థుల మధ్య ఆ భేదాలను తొలగించడానికి ఒక సంఘం ఏర్పాటులో పాలుపంచుకున్నారు.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిన పిదప ఆయన వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణ భారతమంతా తిరిగారు. విదేశీ ధనం, విదేశీ నాయకత్వం లేకుండా భారతీయులే సువార్త పని చేయాలన్నది ఆయన పట్టుదల. 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ ఆ పట్టుదల ఫలాలే. మొదటి సంస్థ తన పనికి ఎంచుకున్న ప్రాంతం నిజాం రాజ్యంలోని డోర్నకల్. ఇతరులను పంపి తాను నగరంలో ఉండిపోవడం అజరయ్యకు న్యాయమనిపించలేదు. 1909లో ఉద్యోగం విడిచి, అభిషేకం పొంది, తానే డోర్నకల్ చేరారు. తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకొని తెలుగులో బోధించారు.

మరుసటి ఏడాది ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం పెద్ద అలజడి రేపింది. మిషనరీల త్యాగాన్ని ఆయన కాదనలేదు. దానం చేసే చేతులు స్నేహం కోసం ఎందుకు చాచలేకపోతున్నాయని అడిగారు. కలిసి కూర్చోని, కలిసి తినని ప్రేమలో లోపం ఉందని తెల్లవారి ముఖం మీదే చెప్పారు. పల్లెలో అగ్రకులం పాటించే దూరానికి, మిషను బంగళాలో తెల్లదొర పాటించే దూరానికి పోలిక ఉందన్న స్పృహ ఆ మాటల వెనుక ఉందని నేను భావిస్తాను.

1912 డిసెంబరులో కలకత్తాలో ఆయన డోర్నకల్ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. 1945లో మరణించే వరకు ఒక ఆంగ్లికన్ డయాసిస్‌కు అధిపతిగా ఉన్న ఏకైక భారతీయుడు కూడా ఆయనే. ఆ గౌరవం చరిత్రలో నిలిచింది. అయితే ఆయన అసలు పని బిషప్ పీఠం మీద జరగలేదు. మాలపల్లెల్లో, మాదిగ గూడేల్లో జరిగింది. ఎడ్లబండి మీద ఊరూరా తిరిగి, పల్లె పంతులును, పాస్టరును, సంఘ పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడటమే ఆయన దినచర్య. ఆయన కాలంలో డయాసిస్ కృష్ణా, గుంటూరు ప్రాంతాలకు విస్తరించి, క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వారిలో అత్యధికులు మాలలు, మాదిగలు.

ఆ సంఘ జీవితంలోని చిన్న విషయాల్లోనే పెద్ద తిరుగుబాటు దాగి ఉంది. బాప్తిస్మం పొందినవారు తమ తల మీద తామే చేయి ఉంచుకొని, ఈ వార్త ఇతరులకు చెప్పకపోతే తమకు శ్రమ అని ప్రమాణం చేయాలని అజరయ్య నియమం పెట్టారు. తరతరాలుగా ఊరి ముందు తల వంచి ఆజ్ఞలు వినడమే తెలిసిన మనిషికి, ఊరికి చెప్పవలసిన మాట ఒకటి తన దగ్గర ఉందన్న ఎరుక ఎంత విలువైనదో ఊహించవచ్చు. కూలి కుటుంబాలు సైతం వంట బియ్యంలోంచి పిడికెడు తీసి సంఘం కోసం దాచేవి. కోతల పండుగలో ధాన్యం, కోళ్లు కానుకగా తెచ్చేవి. ఎవరి దయ మీదో కాక తమ పిడికిలి మీద తమ సంఘం నిలబడాలన్నది ఆ ఏర్పాటు ఉద్దేశం. సంఘంతోపాటు బడి వచ్చింది. అక్షరం నేర్చిన మొదటి తరం ఆ బడిలోంచే వచ్చింది.

అన్నిటికన్నా కఠినమైన పరీక్ష ప్రభు భోజనపు బల్ల. ఒకరి బావిలో మరొకరు నీళ్లు తోడుకోని మాల, మాదిగలు ఒకే రొట్టె తిని, ఒకే పాత్రలో తాగాలి. మాలలు ముందు చేరిన చోట మాదిగలు వెనకాడారు, మాదిగలు చేరిన చోట మాలలు దూరం జరిగారు. ఈ విషయంలో అజరయ్య రాజీ పడటానికి ఇష్టపడలేదు. కులానికొక సంఘం కట్టుకుంటే అది సంఘం కాదనీ, మరో కులమనీ ఆయన అభిప్రాయం. 1932లో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలను ఆయన వ్యతిరేకించింది కూడా ఇదే భయంతో.

గాంధీజీ ఈ సామూహిక మత మార్పిడులను తప్పుబట్టారు. హరిజనులకు వేదాంతం అర్థం కాదని, ఆశ చూపి మతం మారుస్తున్నారని ఆయన వాదన. అజరయ్య దానికి తలొగ్గలేదు. నిరుపేద మాదిగకు కూడా తన ఆత్మ గురించి తానే నిర్ణయించుకునే వివేకం ఉందన్నది ఆయన పక్షం. ఈ వాదంలో నేను నిస్సంకోచంగా అజరయ్య వైపే నిలబడతాను.

అలాగని ఆయనకు పరిమితులు లేవనను. మద్యం, అప్పు, అపరిశుభ్రత మీద ఆయన యుద్ధం ప్రకటించారు గాని, ఆ అప్పుకు మూలమైన భూమి ప్రశ్నను తాకలేదు. వెట్టి చేయించే దొరకూ వెట్టి చేసే కూలీకీ మధ్య నిజాం రాజ్యంలో ఉన్న బంధాన్ని ప్రార్థన ఒక్కటే తెంచలేకపోయింది. ఆ పని తరువాత వచ్చిన రైతాంగ పోరాటం తలకెత్తుకుంది.

డోర్నకల్‌లో 1939 జనవరిలో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథెడ్రల్‌ను మొదటిసారి చూసినప్పుడు, గుమ్మటాల మధ్య పెరిగిన నాకు అది పరాయిగా తోచలేదు. పైన ముస్లిం వాస్తును తలపించే గుమ్మటాలు, లోపల ఆలయ మండపాన్ని తలపించే స్తంభాలు. 1945 జనవరి 1న అజరయ్య కన్నుమూశారు. ఆయన ఏళ్ల తరబడి పాటుపడిన సంఘాల ఐక్యత 1947 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘంగా రూపుదిద్దుకుంది.

సంఘాలు ఏకమయ్యాయి, కులాలు కాలేదు. ఈనాటికీ పెళ్లి సంబంధాల్లో, సంఘ ఎన్నికల్లో కులం లెక్క చూసే క్రైస్తవులున్నారు. మరోవైపు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుణ్ణి షెడ్యూల్డు కులాల జాబితా నుంచి తప్పించింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తెరిచిన తలుపు అతనికి తెరుచుకోలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అతనికి దక్కింది బి.సి.-సి వర్గంలో ఒక్క శాతం. క్రైస్తవంలో కులం లేదని రాజ్యం అంటుంది. ఉందని సంఘంలోని అనుభవం చెబుతుంది. నష్టం మాత్రం రెండుచోట్లా దళితుడిదే.

అజరయ్యను స్మరించే సంఘాలు ముందుగా తమ బల్ల దగ్గర కులాన్ని వదలాలి. రాజ్యం మతం అడగకుండా వివక్షను కొలవాలి. అప్పుడే మా వీధి పిల్లలు ఒకే పేరుతో చర్చికీ, కళాశాలకూ వెళ్లగలుగుతారు.