అభయమిచ్చిన చక్రవర్తి

పన్నెండవ శతాబ్దము చివర ఓరుగల్లు రాజ్యమునకు గొప్ప ఆపద వచ్చెను. కాకతీయ రాజగు మహాదేవుడు దేవగిరి యాదవులతో పోరాడి రణరంగమున మరణించెను. ఆయన కుమారుడు గణపతిదేవుడు శత్రువులకు చిక్కి బందీ అయ్యెను. రాజులేని రాజ్యమును కబళింపవలెనని పలువురు పొంచియుండిరి. ఆ సమయమున రేచర్ల రుద్రుడను సేనాని స్వామిభక్తితో నిలిచి రాజ్యమును కాపాడెను. కొంతకాలమునకు యాదవరాజు గణపతిదేవుని విడిచిపుచ్చెను. 1199లో ఆయన సింహాసనమెక్కి, అరువది యేండ్లకు పైగా రాజ్యమేలెను.

గణపతిదేవుడు తూర్పుతీరము వైపు తన రాజ్యమును విస్తరింపజేసెను. వెలనాటి ప్రభువులను, దివిసీమ నాయకులను జయించెను. అయినను ఓడినవారిని అవమానింపలేదు. దివిసీమ ఆడపడుచులగు నారాంబ, పేరాంబలను వివాహమాడి, వారి సోదరుడు జాయపను గజసైన్యమునకు అధిపతిగా చేసెను. నృత్తరత్నావళి యను సంస్కృత గ్రంథమును రచించినవాడు ఈ జాయపయే. తన కుమార్తె గణపాంబను ధరణికోట ప్రభువగు కోట బేతరాజునకిచ్చి వివాహము చేసెను. ఈ విధముగా కత్తితో గెలిచిన తీరమును బాంధవ్యముతో నిలుపుకొనెను.

సముద్రవర్తకము తెలుగువారికి క్రొత్త కాదు. మూడవ శతాబ్దమున పల్నాటిసీమలో, కృష్ణానది ఒడ్డున, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలుగొందెను. అచ్చట సింహళ భిక్షువులకొక విహారముండెను. కంటకసెల యను రేవు పేరు అచ్చటి శాసనమున కానవచ్చుచున్నది. ఆ లోయ నేడు నాగార్జునసాగర జలములలో మునిగియున్నది. అందు దొరకిన శిల్పములను, శాసనములను నాగార్జునకొండ ద్వీపమున భద్రపరచిరి. విజయపురి సౌత్ నుండి పడవపై పోయి వానిని చూడవచ్చును.

గణపతిదేవుని కాలమునకు తీరమున మోటుపల్లి గొప్ప రేవుపట్టణమై యుండెను. అది నేటి బాపట్ల జిల్లాలో చినగంజామునకు సమీపమున నున్నది. ఓడలు తెరచాపలతో గాలిని నమ్ముకొని నడచు దినములవి. తుపాను లేచినచో ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చెడిది. ప్రాణములతో బయటపడిన వర్తకునకు ఒడ్డున మరియొక ఆపద కాచుకొని యుండెడిది. పగిలిన ఓడలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు తమవేయని పూర్వపు రాజులు బలవంతముగా లాగుకొనెడివారు. సముద్రము మిగిల్చిన దానిని రాజు దోచినచో, ఆ రేవునకు మరల రాదలచు వర్తకుడెవడు?

1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో ఒక శిలాశాసనమును వేయించెను. అదియే అభయశాసనము. దానిని సంస్కృతమునందును, తెలుగునందును చెక్కించిరి. ఏ దేశమునుండి, ఏ ద్వీపమునుండి వచ్చిన వర్తకులైనను తన రాజ్యమున నిర్భయముగా వ్యాపారము చేసికొనవచ్చునని అందు ప్రకటించెను. ఓడ పగిలినను సరకు వర్తకునిదే. రాజునకు చెల్లవలసినది ముందుగా నిర్ణయించిన సుంకము మాత్రమే. ఎగుమతులకును, దిగుమతులకును ఆ సుంకము ముప్పదింట ఒక వంతు. అనగా 30 మాడల విలువగల సరకుపై ఒక్క మాడ. చందనము, కర్పూరము, పన్నీరు, ముత్యములు, పగడములు, దంతము, పట్టునూలు, రాగి, సీసము, మిరియములు, పోకలు మున్నగు సరకులపై ఎంతెంత సుంకము చెల్లవలెనో విడివిడిగా చెక్కించెను. అందుచే సుంకరి తన యిష్టము వచ్చినట్లు అడుగుటకు వీలులేక పోయెను.

ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడ రాజునకు శ్రమలేని లాభము. దానిని విడుచుట తేలికపని కాదు. ఐరోపాలో సయితము తీరప్రాంతపు ప్రభువులు ఇట్టి సొత్తును తమదిగా చేసికొనుచుండిరి. ఇంగ్లండులో 1275లో చేసిన చట్టము, ఓడనుండి మనిషిగాని, కుక్కగాని, పిల్లిగాని ప్రాణములతో బయటపడినచో ఆ సరకును దిక్కులేని సొత్తుగా ఎంచరాదని నిర్ణయించెను. మోటుపల్లి శాసనము అంతకు 31 సంవత్సరములకు పూర్వమే వెలువడెను. ముప్పది పాళ్ళను ఒక్కసారి దోచుకొనుటకంటె, ఒక్క పాలును న్యాయముగా ఏటేట పొందుట రాజునకును, ప్రజలకును మేలని గణపతిదేవుడు గ్రహించెను.

ఆయన కాలమున ఓరుగల్లు రాజ్యమున చెరువులు, గుడులు వెలసెను. జగదాల ముమ్మడి పాకాల చెరువును త్రవ్వించెను. రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో రామప్పగుడిని కట్టించెను. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించెను. గణపతిదేవుడు తన కుమార్తె రుద్రమదేవికి రాజ్యపాలనము నేర్పి, స్త్రీ యని వెనుదీయక ఆమెకు రాజ్యమప్పగించెను. ఆ శతాబ్దపు చివర వెనీసు యాత్రికుడు మార్కోపోలో మోటుపల్లి సీమను గురించియు, అందలి వజ్రములను, సన్నని వస్త్రములను గురించియు తన గ్రంథమున వర్ణించెను.

1323లో కాకతీయ రాజ్యము అంతరించెను. కాని వర్తకులకు అభయమిచ్చు మార్గము దానితో అంతరింపలేదు. 1358లో రెడ్డిరాజగు అనపోతారెడ్డి మోటుపల్లిలోనే వర్తకులకు మరల అభయమిచ్చుచు శాసనము వేయించెను. పుత్రులు లేక మరణించిన వర్తకుని ఆస్తిని రాజు తీసికొను ఆచారమును సయితము రద్దుచేసెను. సింహాసనములు మారినను, మాట తప్పని రేవునకే ఓడలు వచ్చునను సత్యము మారలేదు. ఆ మాటను రాతిపై చెక్కించి నిలిపిన గణపతిదేవుని శాసనమును మోటుపల్లి వీరభద్రాలయమున నేటికిని చూడవచ్చును.