వెళ్లమన్నా వెళ్లని ఆటగాడు

మన బడి గ్రౌండులో గోల్‌పోస్టులు ఉండేవి కావు. రెండు వైపులా రెండేసి ఇటుకలు పెట్టుకుని ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. డ్రిల్లు మాస్టారు విజిల్ ఊదితే ఆట మొదలు, ఇంటి గంట కొడితే ఆఖరు. పైనుంచి వచ్చే బంతిని తలతో కొట్టాలంటే నాకు చచ్చేంత భయం. బంతి దగ్గరకు రాగానే మెడ దించేసేవాణ్ణి. అలాంటి నేను తలతో గోల్స్ కొట్టడంలో మొనగాడనిపించుకున్న ఆటగాడి గురించి రాస్తున్నానంటే నా క్లాసువాళ్లు నవ్వుకుంటారని తెలుసు.

కొన్నేళ్ల కిందట ఉద్యోగం పని మీద కొన్ని నెలలు స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో ఉన్నాను. అక్కడ సోమవారం ఉదయం ఏ ఆఫీసులోనైనా ముందు శనివారం నాటి మ్యాచ్ ముచ్చట్లు, తర్వాతే పని. నాతో పనిచేసిన ఒక పెద్దాయన ద్వారా జిమ్మీ మెక్‌గ్రోరీ పేరు మొదటిసారి విన్నాను. అప్పటినుంచి దొరికినదల్లా చదువుతూ వచ్చాను. చదివేకొద్దీ నన్ను పట్టుకున్నది అతను కొట్టిన గోల్స్ లెక్క కాదు, అతను వెళ్లనన్న ఒక ప్రయాణం.

మెక్‌గ్రోరీ 1904 ఏప్రిల్ 26న గ్లాస్గోలోని గార్న్‌గాడ్ అనే పేటలో పుట్టాడు. అది గ్యాస్ కర్మాగారాలు, రసాయన ఫ్యాక్టరీలు, పొగ, ఇరుకు ఇళ్లతో నిండిన చోటు. ఐర్లండ్ నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన కుటుంబాలు అక్కడ ఎక్కువ. మెక్‌గ్రోరీ తల్లిదండ్రులదీ అదే కథ. తండ్రి గ్యాస్ కర్మాగారంలో కూలీ. పిల్లవాడికి పన్నెండేళ్లప్పుడు తల్లి పోయింది. పెద్ద చదువులకు అవకాశం లేదు. ఆ పేటలోని సెయింట్ రాక్స్ అనే జూనియర్ జట్టులో ఆడి, 1922లో ఆ జట్టు స్కాటిష్ జూనియర్ కప్ గెలిచినప్పుడు అందులో ఉన్నాడు. అదే ఏడాది సెల్టిక్ క్లబ్బు అతన్ని తీసుకుంది. ఐర్లండ్ నుంచి వచ్చిన పేదల పిల్లలకు తిండి పెట్టడానికి డబ్బు కూడబెట్టాలని 1887లో పుట్టిన క్లబ్బు అది. గార్న్‌గాడ్ కుర్రాడికి ఆ చొక్కా ఎంత గొప్పో ఊహించవచ్చు.

మొదట్లో అతను పెద్దగా మెరవలేదు. ఒక సీజన్ పాటు క్లైడ్‌బ్యాంక్ అనే చిన్న క్లబ్బుకు పంపారు. అక్కడ 13 గోల్స్ కొట్టాడు. తనను పంపించిన సెల్టిక్ మీద కూడా ఒక గోల్ కొట్టడంతో వెనక్కి పిలిపించుకున్నారు. 1924లో తండ్రి ఒక ప్రమాదంలో చనిపోయాడు. ఇరవై ఏళ్లకే తల్లీ తండ్రీ లేనివాడయ్యాడు. ఆ తర్వాతి సీజన్‌లోనే, అంటే 1925 స్కాటిష్ కప్ ఫైనల్లో, డండీ జట్టు మీద ముందుకు దూకి తలతో కొట్టిన గోల్‌తో సెల్టిక్‌ను 2-1తో గెలిపించాడు.

అతని ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. మన క్లాసులో నిలబెడితే మధ్య వరసలో ఉండేవాడు. విశాలమైన భుజాలు, మందపాటి మెడ. గాలిలోకి ఎగిరి, ఒళ్లంతా నేలకు సమాంతరంగా సాచి బంతిని తలతో మోదేవాడు. మనిషి రూపంలోని టార్పెడో అని అభిమానులు పేరు పెట్టారు. అప్పటి బంతి తోలుది, పైన తాడుతో కుట్టు. వానలో తడిస్తే నీళ్లు పీల్చుకుని బరువెక్కేది. ఆ బరువు అంత వేగంతో వస్తుంటే దానికి ఎదురు దూకడం ఎలాంటి పనో, మెడ దించుకున్న నాకు బాగా అర్థమవుతుంది. 1928 జనవరి 14న డన్‌ఫర్మ్‌లిన్ జట్టు మీద సెల్టిక్ 9-0తో గెలిచింది. అందులో 8 గోల్స్ అతనివే. స్కాటిష్ పై డివిజన్‌లో ఒక్క మ్యాచ్‌లో ఒక్కడు కొట్టిన గోల్స్‌లో అదే రికార్డు.

ఇక ఆ ప్రయాణం సంగతి. 1928 వేసవిలో లండన్‌లోని ఆర్సెనల్ క్లబ్బు మేనేజరు హెర్బర్ట్ చాప్‌మన్ కన్ను మెక్‌గ్రోరీ మీద పడింది. గొప్ప జట్టు కట్టాలని చూస్తున్న మనిషి ఆయన. దాదాపు 10,000 పౌండ్లు ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. అప్పటికి ఏ ఆటగాడికీ ఎవరూ అంత ధర కట్టలేదు. సెల్టిక్ యాజమాన్యానికీ డబ్బు అవసరం ఉంది. కొత్త స్టాండు కట్టుకోవాలి. అమ్మడానికి వాళ్లకు ఇష్టమే. కానీ ఆటగాడు ఒప్పుకోవాలి కదా.

సెల్టిక్ మేనేజరు విల్లీ మేలీ ఆ వేసవిలో మెక్‌గ్రోరీని వెంటబెట్టుకుని ఫ్రాన్స్‌లోని లూర్దు యాత్రకు బయల్దేరాడు. దారిలో లండన్‌లో ఆగారు. స్టేషన్లో చాప్‌మన్ ఎదురుచూస్తున్నాడు. యాత్ర పేరుతో తనను తీసుకొచ్చిన అసలు సంగతి కుర్రాడికి అప్పుడు తెలిసింది. ఆర్సెనల్‌కు రావడానికి ఏం కావాలో చెప్పమన్నారు. తను సెల్టిక్ వదలనన్నాడు. తిరుగు ప్రయాణంలో లండన్‌లో మళ్లీ చాప్‌మన్ ప్రత్యక్షమయ్యాడు, మళ్లీ అడిగాడు. మళ్లీ అదే జవాబు. చాప్‌మన్ ఆ అక్టోబరులో బోల్టన్ నుంచి డేవిడ్ జాక్‌ను 10,890 పౌండ్లకు కొన్నాడు. అయిదంకెల ధర పలికిన మొదటి ఆటగాడిగా చరిత్రలో జాక్ పేరు నిలిచింది. ఆ పేరు మెక్‌గ్రోరీది కావలసింది.

కథ ఇక్కడితో ఆగితే క్లబ్బు మీద ప్రేమకు మంచి ఉదాహరణ అని చెప్పి ముగించేవాణ్ణి. కానీ దీనికో తోక ఉంది. అమ్ముడుపోనన్న కుర్రాడి మీద యాజమాన్యం లోలోపల కినుక పెట్టుకుంది. అతనికి తెలియకుండా తోటి ఆటగాళ్లకంటే తక్కువ జీతం ఇస్తూ వచ్చింది. జట్టులో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టేవాడికి పక్కవాడికంటే తక్కువ జీతం! ఈ సంగతి అతనికి చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. తెలిశాక కూడా ఆ చొక్కా వేసుకుని ఆడిన ఆనందానికి అంతమాత్రం ఖరీదు ఎక్కువేమీ కాదన్నట్టే మాట్లాడాడు.

అతని ఆట మాత్రం తగ్గలేదు. 1931 స్కాటిష్ కప్ ఫైనల్లో మదర్‌వెల్ జట్టు 2-0తో ముందుంది. ఇంకో ఎనిమిది నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా మెక్‌గ్రోరీ ఒక గోల్ కొట్టాడు. ఆఖరి నిమిషంలో మదర్‌వెల్ ఆటగాడే కంగారులో బంతిని సొంత గోల్‌లోకి తలతో పంపాడు. మళ్లీ ఆడిన మ్యాచ్‌లో సెల్టిక్ 4-2తో గెలిచింది. అందులో రెండు అతనివి. 1933 ఫైనల్లో మళ్లీ అదే మదర్‌వెల్ మీద ఆ మ్యాచ్ మొత్తానికీ ఒకే ఒక్క గోల్, అదీ అతనిదే.

దేశం తరఫున మాత్రం అదృష్టం కలిసిరాలేదు. అదే కాలంలో హ్యూయీ గాలకర్ అనే మరో మేటి ఫార్వర్డ్ ఉండడంతో స్కాట్లాండ్ జట్టులో చోటు దొరకడం కష్టమైంది. మొత్తం 7 మ్యాచ్‌లే ఆడాడు, అందులోనే 6 గోల్స్. 1933 ఏప్రిల్ 1న గ్లాస్గోలోని హాంప్డెన్ మైదానంలో ఇంగ్లండ్‌తో మ్యాచ్. చూడ్డానికి 1,34,000 మందికి పైగా వచ్చారు. స్కోరు 1-1 దగ్గర ఉండగా, ఆట ముగింపు దగ్గరపడిన వేళ బాబ్ మెక్‌ఫెయిల్ బంతి అందించాడు, మెక్‌గ్రోరీ గోల్‌లోకి కొట్టాడు. మెక్‌ఫెయిల్ ఆడేది సెల్టిక్‌కు బద్ధవిరోధి అయిన రేంజర్స్ క్లబ్బుకు. ఊరిని రెండుగా చీల్చిన రెండు క్లబ్బుల మనుషులు కలిసి కొట్టిన గోల్ అది. అప్పుడు లేచిన కేక ఊళ్లోకి చాలా దూరం వినిపించిందట. హాంప్డెన్ గర్జన అనే మాట పుట్టింది ఆ రోజే అని చాలామంది చెబుతారు.

1935-36 సీజన్ నాటికి అతనికి ముప్పై దాటాయి. సెల్టిక్ లీగ్ గెలిచి పదేళ్లయింది. ఆ ఏడాది లీగ్‌లోనే 50 గోల్స్ కొట్టాడు. మదర్‌వెల్ మీద మూడంటే మూడే నిమిషాల్లో మూడు గోల్స్ కొట్టి హాట్రిక్ చేశాడు. బ్రిటన్‌లో అప్పటివరకున్న లీగ్ గోల్స్ రికార్డునూ దాటాడు. సెల్టిక్ మళ్లీ లీగ్ చాంపియన్ అయింది. 1937 చివర్లో ఆడడం మానేసేనాటికి అన్ని ప్రధాన పోటీల్లో కలిపి అతని గోల్స్ 550. మ్యాచ్‌కు ఒకటి కంటే ఎక్కువ సగటు. బ్రిటిష్ ఫుట్‌బాల్‌లో ఆ మొత్తాన్ని ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు.

ఆట మానేశాక ఆయన కిల్మార్నాక్ క్లబ్బుకు మేనేజరుగా వెళ్లారు. మేనేజరుగా మొదటి మ్యాచ్ సెల్టిక్ మీదే పడింది, చిత్తుగా ఓడిపోయారు. కొన్ని నెలల్లోనే అదే సెల్టిక్‌ను స్కాటిష్ కప్ నుంచి ఇంటికి పంపి, జట్టును ఫైనల్ దాకా తీసుకెళ్లారు. 1945లో సెల్టిక్ ఆయన్ను మేనేజరుగా వెనక్కి పిలిచింది. ఇరవై ఏళ్లు ఆ కుర్చీలో ఉన్నారు. కానీ జట్టులో ఎవరు ఆడాలో తేల్చేది ఎక్కువగా చైర్మన్ రాబర్ట్ కెల్లీ. మేనేజరు పైపు కాల్చుకుంటూ, ఎవరి మీదా గొంతు పెంచని మంచిమనిషి. 1948లో జట్టు కింది డివిజన్‌కు పడిపోయే ప్రమాదం అంచు దాకా వెళ్లింది. 1953లో కారొనేషన్ కప్, 1954లో లీగ్, కప్ రెండూ, 1957లో రేంజర్స్ మీద 7-1 గెలుపు ఆయన కాలంలోనే వచ్చాయి. అయినా ఇరవై ఏళ్లలో ఒకే ఒక్క లీగ్ టైటిల్ అంటే సెల్టిక్ లాంటి క్లబ్బుకు తక్కువే. ఆయన మేనేజరుగా గొప్పవారని నేను చెప్పను. అధికారం లేని పదవిలో కూర్చోబెడితే కాదనలేకపోయారు. ఇక్కడా అదే స్వభావం.

1965 మార్చిలో జాక్ స్టీన్ మేనేజరుగా వచ్చారు. స్టీన్‌ను 1951లో ఆటగాడిగా క్లబ్బుకు తెచ్చింది మెక్‌గ్రోరీ కాలమే. పెద్దాయనకు ప్రజాసంబంధాల అధికారి పదవి ఇచ్చారు. దాన్నీ తీసుకున్నారు. రెండేళ్లకు, 1967 మే 25న లిస్బన్‌లో సెల్టిక్ యూరోపియన్ కప్ గెలిచింది. బ్రిటన్ నుంచి ఆ కప్పు గెలిచిన మొదటి క్లబ్బు అదే. ఫైనల్ ఆడిన 11 మందిలో 10 మంది మెక్‌గ్రోరీ మేనేజరు కుర్చీ దిగేనాటికే క్లబ్బులో ఉన్నవాళ్లు. ఆ పదిమందిని విజేతలుగా మలిచింది మాత్రం స్టీన్. 1982 అక్టోబరు 20న, 78వ ఏట మెక్‌గ్రోరీ కన్నుమూశారు.

నేను ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అయిదు కంపెనీలు మారాను. ప్రతిసారీ జీతం పెరిగింది. అందులో తప్పేమీ లేదనే ఇప్పటికీ అనుకుంటాను. పిల్లల ఫీజులు, ఇంటి అప్పు విధేయతతో తీరవు. అందుకే మెక్‌గ్రోరీలా ఉండిపోవాలని నేనెవరికీ చెప్పబోవడం లేదు. ఆయన కథలో నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. మనిషి ఎక్కడికీ వెళ్లడని తెలిసిన మరుక్షణం, అతనికి ఇవ్వాల్సింది తగ్గించవచ్చని అనిపిస్తుంది పైవాళ్లకు. వెళ్లిపోతానని బెదిరించేవాడికి జీతం పెరుగుతుంది, ఉండిపోయినవాడికి పొగడ్తలు దక్కుతాయి. నేను మేనేజరయ్యాక ఇంక్రిమెంట్ల జాబితా ముందేసుకుని, నమ్మకంగా పదిహేనేళ్లు ఉన్న మనిషి పేరు దగ్గర ఈయన ఎక్కడికి పోతాడులే అనుకున్న రోజులు నాకు గుర్తున్నాయి. మెక్‌గ్రోరీ గురించి చదివాక ఆ జాబితాను అలా చూడలేకపోయాను.

మనకు పాఠాలు చెప్పినవాళ్లలోనూ ఇంకెక్కడికైనా వెళ్లగలిగి వెళ్లనివాళ్లున్నారు. రెట్టింపు జీతానికి పట్నంలో కాలేజీలు పిలిచినా, మన బడి గంటకే అలవాటుపడి ఉండిపోయారు. ఈ స్వర్ణోత్సవం రోజున వాళ్లు ముందు వరసలో కూర్చుంటారు. శాలువా కప్పుతాం, జ్ఞాపిక ఇస్తాం, ఫొటో దిగుతాం. అది చేయాల్సిందే. దాంతోపాటు వాళ్లలో ఎవరికి పింఛను సరిగా అందుతోంది, ఎవరి మందుల ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు అనే లెక్క కూడా మన సంఘం ఒకసారి తీస్తే బాగుంటుంది. వాళ్లు అడగరు. మెక్‌గ్రోరీ కూడా అడగలేదు.