రహీం సాబ్ : ఓడిన జట్టుకు దొరికిన మాస్టర్

మన మొయినాబాద్ పక్కనే అజీజ్‌నగర్‌లో డెక్కన్ అరీనా మైదానం కట్టినప్పటి నుంచి మన చేవెళ్ల పిల్లలకు కూడా ఫుట్‌బాల్ ముచ్చట బాగా ఒంటబట్టింది. అక్కడి శ్రీనిధి డెక్కన్ జట్టుకు పోర్చుగల్ నుంచి, స్పెయిన్ నుంచి కోచ్‌లు వచ్చారు, పోయారు. జట్టు రెండు ఆటలు ఓడిందంటే చాలు, మన హోటళ్ల కాడ చాయ్ తాగుతూ కుర్రవాళ్లు కొత్త కోచ్ ఎవరని లెక్కలు వేస్తుంటారు. ఆ మాటలు విన్నప్పుడల్లా మాకు ఒక బడి పంతులు గుర్తుకొస్తారు. ఈ సంచికలో ఆయన జీవితం నాలుగు ముక్కలు రాయాలని సంకల్పించాము.

ఆయనే మర్హూం సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడే ఆటలో పేరు తెచ్చుకున్నారు. తరువాత ఉపాధ్యాయ వృత్తి చేపట్టి కాచిగూడ, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ బడులలో పిల్లలకు పాఠాలు చెప్పారు. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. జీతం బడి నుంచి, ప్రాణం మైదానంలో!

1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు బాధ్యత ఆయన చేతికి వచ్చింది. విదేశీ కోచ్ కాదు, మిలిటరీ అధికారి కాదు, బడి మాస్టరు. ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు గెలిచింది. డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957, 1961 సంవత్సరాలలో నాలుగు మార్లు తెచ్చింది. ఆ రోజుల్లో కలకత్తా జట్లంటే అందరికీ హడల్. అలాంటి మోహన్ బగాన్‌ను మనవాళ్లు 1950 డ్యూరాండ్ ఫైనల్‌లో ఓడించారంటే మాటలా?

ఆయన పద్ధతి మాస్టరు పద్ధతే. బాల్ కాలికి తగలగానే ఒక్క దెబ్బకే పక్కవానికి అందించాలి. కుడికాలి వాడు ఎడమకాలితోనే ఆడే పోటీలు, డ్రిబ్లింగ్ చేయకుండా ఆడే పోటీలు పెట్టించేవారు. చూసేవాళ్లకు ఇది పిల్లల ఆటలాగా అనిపించవచ్చు. కాని మనిషిలో ఏ కాలు, ఏ గుణం బలహీనంగా ఉందో దాన్నే పట్టుకొని సాధన చేయించడం ఉపాధ్యాయునికి తెలిసిన విద్య. సికిందరాబాద్ అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం రోజూ హైదరాబాదుకు వచ్చిపోయే ఖర్చు భరించలేకపోతే, సైకిల్ అద్దెకు పైసలిచ్చి రమ్మన్నది రహీం సాబే. ఆ బలరాం తరువాత దేశం మెచ్చిన ఆటగాడైనాడు.

దేశ జట్టు సంగతికి వస్తే, 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఏషియన్ గేమ్స్‌లో ఇరాన్‌ను 1-0తో ఓడించి ఆయన శిక్షణలోనే మనకు స్వర్ణం వచ్చింది. మరుసటి యేడే గర్వం దిగిపోయింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన మీద పది గోల్స్ కొట్టింది, మనం ఒక్కటే కొట్టాము. ఆ చలిలో మనవాళ్లు చాలామంది ఒట్టి కాళ్లతో ఆడినారు. ఈ రోజుల్లోనైతే అదే రాత్రి కోచ్‌ను ఇంటికి పంపి మరొకరిని వెతికేవాళ్లు. కాని 1956 మెల్‌బోర్న్‌కు కూడా రహీం సాబే జట్టును తీసుకపోయారు. ఈలోగా బూట్లు తప్పనిసరి అయినాయి.

మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను దాని సొంత గడ్డ మీద 4-2తో కొట్టాము. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు చేరిన మొదటి ఆసియా దేశం మనదే అయింది. సెమీఫైనల్‌లో మళ్లీ ఆ యుగోస్లావియాయే! మొదటి గోల్ మనదే, కాని చివరికి 4-1తో ఓడినాము. కంచు పతకం ఆటలోనూ బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంలో నిలిచాము. పదికి ఒకటి ఎక్కడ, నాలుగో స్థానం ఎక్కడ! ఆ జట్టులో అజీజ్, లతీఫ్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ వంటి మన హైదరాబాదీలు చాలామంది ఉండిరి.

1960 రోమ్‌లో ఫ్రాన్సుతో 1-1 సమానం చేసి వచ్చారు. ఇక 1962 జకార్తా. అప్పటికే రహీం సాబ్ ఊపిరితిత్తులలో క్యాన్సర్ పట్టింది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తైవాన్, ఇజ్రాయెల్‌లను రానివ్వలేదన్న తగాదాలో మన అధికారి ఒకరు నోరు విప్పినందుకు అక్కడి జనమంతా మనవాళ్ల మీద మండిపడుతున్నారు. థాయిలాండ్ ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అయినా రహీం సాబ్ అతన్ని పక్కన పెట్టలేదు. వెనుక ఆడే మనిషిని ముందుకు పంపి గోల్ కొట్టమన్నారు. తెగింపు అనండి, లెక్క అనండి! సెప్టెంబరు 4న ఫైనల్‌లో మళ్లీ అదే కొరియా. స్టేడియం నిండా గేలి చేసే జనం, మనకు జై కొట్టింది మాత్రం పాకిస్తాన్ హాకీ జట్టు. ఆట మొదలై ఇరవై నిమిషాలైనా గడిచిందో లేదో పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి గోల్ చేశారు. 2-1తో స్వర్ణం మనదైంది.

అక్కడి నుంచి వచ్చిన తరువాత ఆయన మంచం పట్టారు. 1963 జూన్ 11న అల్లాహ్ సన్నిధికి చేరారు. వయస్సు యాభైమూడే. ప్రభుత్వం నుంచి ఒక పద్మ బిరుదైనా రాలేదు. ఆయన మీద మైదాన్ అన్న హిందీ సినిమా 2024లో వచ్చేదాకా మన ఇళ్లల్లోని పిల్లలకు ఆ పేరే తెలియదు. కుమారుడు హకీం సాబ్ 1960 రోమ్ జట్టులో ఉండినారు, ఆయన కూడా 2021లో కాలం చేశారు.

రహీం సాబ్ తరువాత ఇంగ్లండు నుంచి హ్యారీ రైట్‌ను తెచ్చారు. 1964 ఆసియా కప్పులో రెండో స్థానం వచ్చింది. ఆ తరువాత ఎంతోమంది వచ్చారు, దేశీయులు, పరదేశీయులు. 1960 తరువాత మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ ముఖం చూడలేదు, 1962 తరువాత ఏషియన్ గేమ్స్ స్వర్ణమూ రాలేదు.