కాటన్ దొర తొలి కొలువు

ఈ స్వర్ణోత్సవ సంచికకు పూర్వ విద్యార్థులంతా తమ మొదటి ఉద్యోగం గురించి రాయాలని సంపాదకవర్గం వారు కబురు పెట్టారు. నా మొదటి ఉద్యోగంలో చెప్పుకోదగ్గదేమీ లేదు. ఒక ఆఫీసులో ఆరు నెలలపాటు పాత ఫైళ్ళ దుమ్ము దులిపి, నంబర్లు వేసి, దారాలు కట్టాను. డిగ్రీ చదివింది ఇందుకేనా అని ఇంటికొచ్చి మా అమ్మ దగ్గర విసుక్కునేవాణ్ణి. కనుక నా సంగతి పక్కన పెట్టి, కోనసీమలో పసిపిల్లలకు కూడా పేరు తెలిసిన ఒక మనిషి మొదటి ఉద్యోగం గురించి రాస్తాను. ఆయన సర్ ఆర్థర్ కాటన్.

విగ్రహాల్లో మనం చూసే కాటన్ దొర నడివయసు మనిషి. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టేనాటికి ఆయనకు నలభై నాలుగేళ్ళు. ఏటా మే 15న దండలు వేసి మనం చెప్పుకునే కథంతా అక్కడే మొదలవుతుంది. అంతకుముందు పాతికేళ్ళకు పైగా ఆయన చేసిన చిన్నా చితకా పనుల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నాకు మాత్రం ఆనకట్ట కథలో సగం ఆ పాతికేళ్ళలోనే ఉందనిపిస్తుంది.

1803లో ఇంగ్లండులో పుట్టాడు. పదకొండు మంది అన్నదమ్ముల్లో పదోవాడు. అంత పెద్ద సంసారంలో పదోవాడికి ఆస్తి మీద ఆశ ఏముంటుంది? పదిహేనో ఏట ఈస్టిండియా కంపెనీ వారి ఆడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చేరాడు. ఫిరంగి దళానికీ, ఇంజనీర్ల దళానికీ కుర్రాళ్ళను తయారు చేసే బడి అది. 1819లో, అంటే పదహారో ఏట, మద్రాసు ఇంజనీర్ల దళంలో సెకండ్ లెఫ్టినెంటు అయ్యాడు. మన లెక్కలో టెన్త్ పాసయిన వయసు.

ఓడ ఎక్కడానికి ముందు, 1820లో, వేల్స్ దేశంలో బాంగర్ అనే ఊరి దగ్గర సర్వే పనికి పంపారు. భూమిని కొలిచి పటం గీసి, చూసింది చూసినట్టు రిపోర్టు రాయడం ఆ పని. గొలుసు పట్టుకుని కొండా గుట్టా తిరగాలి. ఆ కుర్రాడి రిపోర్టులు బాగున్నాయని పైవాళ్ళు మెచ్చుకున్నారు. తర్వాతి రోజుల్లో గోదావరి మీద ఆయన రాసిన రిపోర్టులే ప్రభుత్వాన్ని కదిలించాయి కాబట్టి, ఆ తొలి మెప్పును తేలిగ్గా తీసెయ్యలేం.

1821లో మద్రాసు వచ్చాడు. పద్దెనిమిదేళ్ళ వాడిని చీఫ్ ఇంజనీరు కచేరీలో వేశారు. మరుసటి ఏడాది దక్షిణాది జిల్లాల చెరువుల శాఖలో సహాయకుడిగా పంపారు. కోయంబత్తూరు, మధుర, తిరునెల్వేలి, తంజావూరు ఆ పరిధిలోవి. దళంలో చేరిన కుర్ర అధికారులు కలలు కనేది యుద్ధాలూ పతకాలూ. చెరువుల శాఖలో ఉండేది గండి పడిన గట్లు, విరిగిన తూములు, కొట్టుకుపోయిన అలుగులు, నీరు ముందు ఎవరి పొలానికి అన్న తగాదాలు. ఇవన్నీ మనకు తెలిసినవే. మన ఊళ్ళలో కాలువ మీద లస్కరుకు ఇవాళ్టికీ రోజూ ఉండే పనులు ఇలాంటివే.

ఆ రోజుల్లోనే పాంబన్ పాయ సర్వే కూడా చేశాడు. రామేశ్వరం యాత్రకు వెళ్ళినవారు రైలు వంతెన మీద నుంచి చూసే సముద్రపు పాయ అది. లోతు తక్కువ, అడుగున రాయి, మీద ఇసుక. పెద్ద ఓడలు అందులోంచి రాలేక సింహళం చుట్టూ తిరిగి రావలసి వచ్చేది. దాన్ని లోతు చేయవచ్చా అన్నది ప్రశ్న. నీళ్ళలో ఇసుక ఎటు కదులుతుంది, ఎక్కడ మేట వేస్తుంది, ఎక్కడ కోస్తుంది అని ఆయన దగ్గరగా చూసింది అక్కడే. తర్వాత 1824లో బర్మా యుద్ధం వస్తే అటూ వెళ్ళి వచ్చాడు. యుద్ధం సంగతి మనకక్కర్లేదు.

తిరిగి వచ్చాక కావేరి పని చేతికొచ్చింది. 1828లో కెప్టెన్ అయ్యాడు, ఆ నది మీద పరిశీలన ఆయనకు అప్పగించారు. తంజావూరు అప్పుడు పెద్ద కష్టంలో ఉంది. శ్రీరంగం లంకకు ఎగువన కావేరి రెండుగా చీలుతుంది. ఒకటి తంజావూరు పొలాలకు పోయే కావేరి, రెండోది కొల్లిడం. కొల్లిడం పల్లంగా ఉండి నీళ్ళన్నీ తనవైపు లాక్కుంటోంది. కావేరి ముఖద్వారం ఏటికేడాది ఇసుక మేటతో పూడిపోతోంది. వర్షాకాలం పోయేలోపు పూడిక తీయడం, మళ్ళీ పూడడం. తరతరాలుగా పండిన మాగాణి ఎండిపోయే దశకు వచ్చింది.

కొల్లిడానికి అడ్డుకట్ట వేయాలి. కానీ అడుగంతా ఇసుక. అంతటి ఇసుకలో పునాది నిలవదని చదువుకున్న ఇంజనీర్ల భయం. కాటన్ అప్పుడు కొద్ది మైళ్ళ దిగువన ఉన్న కల్లణైని పట్టుకున్నాడు. కరికాల చోళుడు కట్టించాడని చెప్పే ఆనకట్ట అది. సుమారు రెండు వేల ఏళ్ళుగా ఇసుక మీదే ఉంది. అది ఎలా నిలిచిందో చూస్తే కిటుకు తెలిసింది. పెద్ద పెద్ద బండరాళ్ళను ఏటి ఇసుక మీద పడేస్తే, ప్రవాహం వాటి కింద ఇసుకను కోసేస్తుంది, రాయి కిందికి దిగుతుంది. దాని మీద ఇంకో రాయి. అదీ దిగుతుంది. ఇక దిగని చోటు వచ్చేదాకా రాళ్ళు వేస్తూ పోవడమే. ఏరు తీసే ఇసుకే పునాది తవ్వి పెడుతుందన్నమాట. ఏటి ఒడ్డున పెరిగినవాళ్ళం మనకిది చెప్పనక్కర్లేదు. వరద వెనక్కి పోయేటప్పుడు ఇసుకలో నిలబడితే కాళ్ళ కింద జారుతుందే, అదే సూత్రం. ఇసుకలో పునాది వేసే విద్య ఈ దేశపు పాత పనివాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని ఆయన దాచకుండా రాశాడు. తెల్లదొరలు ఆ రోజుల్లో సాధారణంగా చేసే పని కాదది.

ప్రతిపాదనలు పంపాక అనుమతికి ఏళ్ళు పట్టింది. మధ్యలో జబ్బుపడి ఇంగ్లండు వెళ్ళి వచ్చాడు. చివరకు 1836లో కొల్లిడం తల మీద ఎగువ ఆనకట్ట, చాలా దిగువన మరొక ఆనకట్ట పూర్తయ్యాయి. తంజావూరుకు నీరు దక్కింది. అయితే అంతా సవ్యంగా సాగలేదు. ఎగువ ఆనకట్ట వెనక ఇసుక పేరుకుంది, కావేరి వైపు నీరు అవసరానికి మించి లాగి అడుగు కోతకు గురైంది. తర్వాత కట్టడంలో మార్పులు చేయాల్సి వచ్చింది, ఇసుకను నెట్టేసే తూములు పెంచారు. ధవళేశ్వరంలో ఇసుక తూములను మొదటి నుంచే లెక్కలో పెట్టారు. అక్కడ దెబ్బ తిన్న పాఠం ఇక్కడ మనకు పనికొచ్చింది.

ఆ తర్వాత మద్రాసు ఎర్రకొండల దగ్గర రోడ్ల కంకర మోయడానికి పట్టాలు వేయించిన పనిలోనూ ఆయన చెయ్యి ఉంది. దేశంలో తొలి రైలు పట్టాలు అవేనంటారు. ముసలితనంలో రైళ్ళ కన్నా కాలువలే మేలని ఊరంతా పోరాడిన మనిషి ఆ పట్టాలు వేయించడం చిత్రమే. మళ్ళీ ఆరోగ్యం చెడి టాస్మానియా వెళ్ళాడు, 1841లో అక్కడే పెళ్ళి చేసుకున్నాడు.

ఇక గోదావరి. 1832-33 నాటి నందననామ సంవత్సరపు కరువును మన తాతల తాతలు డొక్కల కరువన్నారు. ఒకపక్క వరద, ఇంకోపక్క కరువు. జూలైలో ఇంటిలోకి వచ్చిన నీరు సంక్రాంతికి పొలంలో లేదు. 1844లో కాటన్ గోదావరిని పరిశీలించి ఆనకట్ట కట్టవచ్చని రిపోర్టు ఇచ్చాడు. 1846 చివర్లో అనుమతి వచ్చింది, 1847లో పని మొదలైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయలు, మధ్య లంకలు. అడుగంతా మళ్ళీ ఇసుకే. ఈసారి ఇసుకలోకి వరుసగా నూతులు దింపి, వాటి మీద గోడ లేపి, మధ్యలో రాయి నింపారు. ధవళేశ్వరం కొండ రాయి పడవలెక్కి ఏట్లోకి దిగింది.

కుంఫిణీ వారు పుణ్యానికి ఒప్పుకోలేదు. శిస్తు పెరుగుతుందని కాటనే లెక్కలు వేసి చూపించి ఒప్పించాడు. ఆయన అడిగినంత మంది ఇంజనీర్లనూ ఇవ్వలేదు, అనుభవం లేని ఒకరిద్దరు కుర్రాళ్ళను ఇచ్చారు. దాంతో ఆనకట్ట చాలామందికి మొదటి ఉద్యోగం అయింది. కూలీలను సమకూర్చి, పని నడిపించిన వీణెం వీరన్న గారి పేరు ధవళేశ్వరంలో ఇంకా వినబడుతుంది. ఆయనకు రావు బహదూరు బిరుదు రావడానికి కాటన్ సిఫారసు ఉంది. రాళ్ళు మోసిన వేలాది మంది పేర్లు మాత్రం ఏ పలక మీదా లేవు. విగ్రహాలకు దండ వేసేటప్పుడు నాకు ఇదే గుర్తొస్తుంది. 1848లో కాటన్ మళ్ళీ జబ్బుపడి ఆస్ట్రేలియా వెళ్తే, కెప్టెన్ ఓర్ పని ఆపకుండా నడిపాడు. 1850లో దొర తిరిగొచ్చాడు, 1852కి ఆనకట్ట పూర్తయింది.

ఆనకట్టతో మధ్య డెల్టాకు నీరొచ్చింది గానీ, వైనతేయ పాయకు అవతల ఉన్న మామిడికుదురు, రాజోలు, మలికిపురం ఊళ్ళకు నీరు దాటడం ఎలా? నది మీదుగా కాలువను నడిపించాలి. ఆ పని హేగ్ అనే యువ లెఫ్టినెంటుకు అప్పగించారు. నలభై అడుగుల వెడల్పున్న నలభై తొమ్మిది కమానులు, కింద మళ్ళీ ఇసుకే. వరద తిరిగి వచ్చేలోపు ఒకే పని కాలంలో లంకల గన్నవరం అక్విడక్టు లేచింది. ఇవాళ దాని పక్కనే కట్టిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాం. పెద్ద పని చిన్నవాడికి ఇచ్చే ధైర్యం కాటన్‌కు ఎక్కడి నుంచి వచ్చిందో నేను చెప్పలేను. తనకు అలాంటి పని రావడానికి ఏళ్ళు పట్టిన సంగతి మాత్రం ఆయన మరిచిపోయి ఉండడు.

2011లో మన కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధరతో పాటు మురుగు కాలువల పూడిక కూడా వాళ్ళ గోడులో ఉంది. అదేమీ పెద్ద ఇంజనీరింగు కాదు. దొర పంతొమ్మిదో ఏట చేసిన పని లాంటిదే. మన బడిలో చదివి ఇరిగేషన్‌లో చేరిన తమ్ముళ్ళు కొందరు, ఏఈగా తొలి పోస్టింగు డ్రెయిన్ల సబ్‌డివిజన్‌లో పడిందని బాధపడుతుంటే విన్నాను. వాళ్ళతో నేను చెరువుల శాఖ సంగతి చెబుతాను. కొందరు నవ్వేస్తారు.

కాటన్ 1860లో ఉద్యోగ విరమణ చేశాడు, మరుసటి ఏడాది సర్ బిరుదు వచ్చింది. నదులను కలపాలనీ, రైళ్ళ కన్నా పడవ కాలువలు చవకనీ పత్రాలు రాస్తూనే ఉన్నాడు. 1878లో పార్లమెంటు సంఘం ముందు నిలబెట్టి ఆ లెక్కలను గట్టిగా నిలదీశారు. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్ళు. కొన్ని లెక్కల్లో ఆయన ఉత్సాహం ఎక్కువేనని నాకూ అనిపిస్తుంది. చివరి రోజుల్లో డార్కింగ్ ఊళ్ళో తన ఇంటి తోటలో మట్టిని లోతుగా తవ్వి, గోధుమ గింజలు నాటి, ఒక్కో మొక్కకు ఎంత పండిందో లెక్క రాసుకునేవాడు. పొలాన్ని కొలిచి రిపోర్టు రాసే అలవాటు బాంగర్ నాటిది. 1899 జూలై 24న అక్కడే కన్నుమూశాడు.