హైమన్‌డార్ఫ్ పండితుని జీవితచరిత్రము

పండితులు గ్రంథములు వ్రాయుదురు. పల్లెప్రజలు పొలములు దున్నుదురు. ఈ యిరుతెగల వారికిని నడుమ నొక గోడ యున్నదని పలువురు తలంతురు. ఆ గోడను దాటి, అడవిపల్లెలో వసించి, అచ్చటివారి వలన నేర్చుకొని, నేర్చినదానిని వారి మేలునకే వినియోగించిన యొక విద్వాంసుని చరిత్రమును మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును సంగ్రహముగా దెలుప నెంచితిమి.

క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌గారు 1909వ సంవత్సరము జూను 22వ తేదీన ఆస్ట్రియా రాజధానియగు వియన్నా నగరమున జన్మించిరి. అచ్చటనే మానవశాస్త్రము నభ్యసించి, పిమ్మట లండనులో మాలినోవ్‌స్కీ యను ప్రసిద్ధాచార్యుని యొద్ద కొంతకాలము శిష్యరికము చేసిరి. ఒక జాతిని దెలిసికొన గోరువాడు వారి భాష నేర్చి వారి నడుమ నివసింపవలెనను పద్ధతి ఆ గురువుగారిదే. 1936లో మన దేశమునకు వచ్చి ఈశాన్యమున నాగజాతులను బరిశోధించిరి. 1938లో ఎలిజబెత్ బర్నార్డో యను వనితను వివాహమాడిరి. ఆమెను అందఱును బెట్టీ యని పిలిచెడివారు.

1939లో ఆ దంపతులు మరల భారతదేశమునకు రాగా, రెండవ ప్రపంచయుద్ధ మారంభమాయెను. ఆస్ట్రియా యంతకుమున్నే జర్మనీ వశమైనందున ఆయన చేతనున్నది జర్మను పాసుపోర్టు. శత్రుదేశీయుడుగా నెంచబడి, హైదరాబాదు సంస్థానము విడిచి పోరాదని నిర్బంధింపబడిరి. ఆ నిర్బంధమే ఆయనకు కార్యక్షేత్రమును జూపెను. నల్లమల యడవులలో చెంచులను, గోదావరి కొండలలో కొండరెడ్లను, పిమ్మట ఆదిలాబాదు జిల్లాలో రాజగోండులను ఆయన పరిశీలించిరి.

ఆ దినములలో గోండుల స్థితి మిక్కిలి శోచనీయము. తరతరములుగా దున్నిన భూములు కొన్ని రిజర్వు అడవులలో కలిసిపోయెను. మఱికొన్నిటి పట్టాలు, చదువు నేర్చిన పరస్థలుల పేర నెక్కెను. కాగితము చదువలేనివాడు తన పొలములో తానే పరాయివాడాయెను. 1940లో కుమ్రం భీము నాయకత్వమున గోండులు జోడేఘాటు వద్ద తిరుగబడగా, పోలీసు కాల్పులలో భీమును, ఆయన యనుచరులు కొందఱును మరణించిరి. ఈ యలజడికి మూలము దెలిసికొన గోరి నైజాము ప్రభుత్వము హైమన్‌డార్ఫ్‌గారి సాయము నర్థించెను.

ఆయన కచేరీలో గూర్చుండి నివేదిక వ్రాయలేదు. మార్లవాయి యను గోండుపల్లెలో భార్యతో గూడ గుడిసెలో కాపురముండి, గోండీ భాష నేర్చిరి. పరధానులు పాడు పురాణగాథలను విని వ్రాసికొనిరి. పొలములు పోయిన రీతిని, అధికారుల లంచములను గ్రామవృద్ధుల నోటనే వినిరి. పరిశోధనకు గురువులు ఆ వృద్ధులే యనిన తప్పుగాదు.

ఉపాధ్యాయులమగు మాకు విశేషముగా నచ్చినది ఆయన సూచించిన విద్యాపథకము. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణకేంద్రము స్థాపితమాయెను. పైనుండి వచ్చిన పంతులునకు గోండీ రాదు. గోండు బాలునకు పంతులు భాష రాదు. కావున గోండు యువకులకే శిక్షణ నొసగి, గోండీ భాషలో నాగరీలిపిని వాచకములు తయారుచేసిరి. మాతృభాషలో అక్షరము నేర్చిన బాలుడు పిమ్మట పట్టాకాగితమును గూడ చదువ గలిగెను.

1945లో ఆయన గిరిజన విషయములలో ప్రభుత్వమునకు సలహాదారుగా నియమితులైరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యపదవియు నిర్వహించిరి. వారి కృషివలన వేలకొలది గిరిజన కుటుంబములకు లక్షకు మించిన యెకరముల భూమి పట్టా ఆయెను. గిరిజన ప్రాంతముల రక్షణకై ఫసలీ 1356లో, అనగా 1946 ప్రాంతమున, శాసనమును వెలువడెను. 1949లో ఆయన లండను విశ్వవిద్యాలయమునకు వెడలి, 1976లో ఉద్యోగవిరమణ చేయువఱకు అచ్చటనే బోధించిరి.

విరమణానంతరము మరల ఆదిలాబాదునకు వచ్చి చూడగా, తాము ఇప్పించిన భూములు పెక్కు పరుల పాలై యుండెను. బాటలు పడిన కొలది పరస్థలులు వచ్చిరి. శాసనము కాగితముననే నిలిచెను. తమ శ్రమ యంత వ్యర్థమైనదో దాచిపెట్టక, భారతదేశ గిరిజనుల మనుగడపోరును గూర్చి 1982లో గ్రంథము ప్రకటించిరి. సత్యము తనకు ప్రతికూలమైనప్పుడును చెప్పుట పండితునకు గొప్ప పరీక్ష.

1987లో బెట్టీగారు హైదరాబాదులో మరణింపగా, ఆమెను మార్లవాయిలోనే సమాధి చేసిరి. హైమన్‌డార్ఫ్‌గారు 1995వ సంవత్సరము జూను 11వ తేదీన లండనులో కాలధర్మము నొందిరి.

విద్యార్థులారా, ఈ చరిత్రము మన సంగారెడ్డి ప్రాంతమునకు దూరమైనది కాదు. 1972లో పటాన్‌చెరులో నెలకొనిన ఇక్రిశాట్ పరిశోధనాలయము, 1975 మొదలు తన పరిశోధకులను మహబూబ్‌నగరు జిల్లా ఔరేపల్లె మున్నగు గ్రామములలో నివసింపజేసి రైతుల ఆదాయవ్యయములను వ్రాయించెను. అదే పటాన్‌చెరు పరిసరములలో కార్ఖానాల వ్యర్థజలములచే చెరువులు, బావులు చెడినవను వ్యాజ్యము 1990లో సుప్రీంకోర్టును జేరెను. ఏ బావినీరు ఎప్పుడు రంగు మారినదో ముందు గుర్తించువారు ఆ నీటిని తోడుకొను పల్లెవారే. అందలి విషమెంతయో కొలిచి చెప్పువారు శాస్త్రజ్ఞులు. ఒకరు లేక యొకరి మాట నిలువదు.

మీలో కొందఱు రేపు పరిశోధకులగుదురు. కొందఱు ఊరనే యుండి వారి ప్రశ్నలకు బదులు చెప్పుదురు. పరిశోధకులైనవారు తాము వ్రాసినదానిని ఊరివారికి మరల వినిపింపుడు. ఊరనున్నవారు తాము చెప్పినది ఎందుల కుపయోగపడునో వెఱవక యడుగుడు. చదువు ఇరువైపులను ఉన్నప్పుడే ఆ సంపాదించిన మేలు చేజారక నిలుచునని మార్లవాయి మనకు నేర్పుచున్నది.