పక్షుల దారులు వెదికిన సలీం అలీ

ఆశ్వయుజం వచ్చేసరికి వానలు వెనుకపడతాయి. ఏటి ఒడ్డున ఇసుక మేటలు బయటపడతాయి. అంతవరకు ఆ చాయల కనిపించని పక్షులు తోకలు ఆడిస్తూ నీటి అంచున తిరుగుతాయి. ఉత్తరాది కొండల నుండి, వాటికి అవతలి దేశాల నుండి వచ్చిన అతిథులవి. అవి ఎక్కడివో, ఏటేటా ఎక్కడికి వెళతాయో తెలుసుకోవడానికి జీవితమంతా శ్రమించినవారు సలీం అలీ.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ ఇంట పెరిగారు. ఒకనాడు బొమ్మ తుపాకీతో ఒక పిచ్చుకను కొట్టారు. దాని మెడ మీద పసుపు మచ్చ ఉంది. అదేమి పిట్టో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. బాలుడు దానిని పట్టుకొని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి వెళ్ళాడు. కార్యదర్శి మిల్లార్డ్ విసుగుకోక, బీరువాలలో భద్రపరచిన వందలాది పక్షులను చూపించాడు. ఆ అబ్బాయి జీవితం అక్కడే మలుపు తిరిగింది.

1929లో జర్మనీ వెళ్ళి స్ట్రెసెమాన్ అనే శాస్త్రజ్ఞుని వద్ద చదివారు. పక్షుల కాళ్ళకు గుర్తుల కడియాలు తొడిగే పద్ధతిని అక్కడ చూశారు. తిరిగి వచ్చేసరికి ఉన్న ఉద్యోగం పోయింది. ఖర్చులు భరిస్తే చాలు, జీతం లేకుండానే పక్షుల సర్వే చేస్తానని సంస్థానాలను అడిగారు. అలా 1931లో హైదరాబాదు సంస్థానంలో పని మొదలైంది. భార్య తెహ్మినా కూడా గుడారాలలో ఆయన వెంట ఉన్నారు. 1939లో ఆమె మరణించారు.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో వరద నీటితో నిండే పల్లపు నేల ఒకటి ఉంది. శీతకాలపు బాతులకు అది విడిది. 1938లో అక్కడ వైస్రాయి విందు వేటలో ఒక్కరోజునే 4273 పక్షులు కూలాయి. స్వాతంత్ర్యం తరువాత చుట్టుపక్కల రైతులు ఆ నేలను సాగుకు కోరారు. తిండిగింజలు కొరవడిన కాలమది, వారి కోరికను తప్పు పట్టలేము. సలీం అలీ నెహ్రూకు నచ్చజెప్పి ఆ నీటిని కాపాడారు.

1959 నుండి ఆయన సంఘం కడియాల పనిని పెద్దయెత్తున చేపట్టింది. బీహారుకు చెందిన మీర్‌షికారులు, తరతరాలుగా పిట్టలు పట్టి బ్రతికినవారు, ఈ పనిలో చేయి కలిపారు. వలలో చిక్కిన పక్షి కాలికి సంఖ్య, బొంబాయి చిరునామా ఉన్న తేలికపాటి అల్యూమినియం కడియం వేసి వదిలేవారు. తమిళనాడులోని కోడికరైలోను ఈ పని సాగింది. అలా వదిలిన పక్షులు సోవియట్ దేశంలో దొరికినప్పుడు అక్కడి నుండి కబురు వచ్చేది.

ఆయన సలహాలన్నీ ఫలించలేదు. భరత్‌పూర్‌లో పశువుల మేతను 1982లో నిషేధించగా గడ్డి విపరీతంగా పెరిగి నీటిని కమ్మేసింది. ఆ సంగతి తేల్చి చెప్పినది ఆయన సంఘపు పరిశోధనే.

వలస పక్షి కాకపోయినా, 1900 తరువాత జాడలేని కలివికోడిని కూడా ఆ సంఘం వెదికింది. 1986లో అది కడప జిల్లాలో దొరికింది. మరుసటి ఏడాది జూన్ 20న సలీం అలీ కన్నుమూశారు.

భరత్‌పూర్‌కు 1964-65 శీతకాలంలో సుమారు 200 సైబీరియా కొంగలు వచ్చాయి. 2002లో ఒక జంట కనిపించింది. ఆ తరువాత అవి రాలేదు.