సాగరతీరాన గురుకులం – కుర్ట్ హాన్

తరగతి గోడలు దాటి విద్యను ఆరుబయటకు నడిపించిన ఆచార్యులలో కుర్ట్ హాన్ అగ్రగణ్యులు. 1886 జూన్ 5న బెర్లిన్ నగరంలో సంపన్న యూదు కుటుంబంలో జన్మించారు. యౌవనారంభంలో తగిలిన తీవ్రమైన వడదెబ్బ వారిని చిరకాలం బాధించింది. ఎండకు ఓర్వలేని ఆ మనిషే పిల్లలను కొండలకు, కడలికి పంపే విద్యను రూపొందించడం మాకు విశేషంగా తోచుతున్నది.

1920లో బాడెన్ రాజకుమారుడు మాక్స్‌తో కలసి దక్షిణ జర్మనీలోని జాలెంలో పాఠశాల స్థాపించారు. (ఆంగ్లంలో వ్రాసినప్పుడు మన పొరుగున ఉన్న సేలం అనిపించును గాని, ఆ ఊరు వేరు, పలుకుబడి వేరు.) 1932లో ఒక కార్మికుని దారుణంగా చంపిన తన అనుచరులను హిట్లర్ బాహాటంగా సమర్థించాడు. హాన్ వెంటనే పూర్వ విద్యార్థులకు లేఖ వ్రాసి, జాలెం కావాలో హిట్లర్ కావాలో తేల్చుకొమ్మన్నారు. అధ్యాపకులమైన మాకు, వారు నెలకొల్పిన సంస్థలన్నిటికంటె ఆ లేఖయే గొప్పదిగా కనిపిస్తుంది. ఫలితంగా 1933 మార్చిలో చెరసాల పాలయ్యారు. బ్రిటిష్ ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్ జోక్యంతో విడుదలై ఆ దేశానికే వలస వెళ్ళారు.

1934లో స్కాట్లండు తీరాన గోర్డన్‌స్టన్ పాఠశాల వెలసింది. అచటి విద్యార్థులు పడవలు నడపడంతో సరిపెట్టుకోక, సముద్రతీరాన కాపలా కాశారు, అగ్నిమాపక దళంలో పనిచేశారు. దేహబలం పరుల ఆపదకు అక్కరకు రావాలన్నదే హాన్ ఉద్దేశం.

ఇంతలో యుద్ధం వచ్చింది. జర్మన్ టార్పెడోలకు ఓడలు మునిగినప్పుడు, రక్షణ పడవలలో దృఢకాయులైన యువ నావికులు ముందుగా ప్రాణాలు విడుస్తున్నారనీ, వయసు మళ్ళినవారు బ్రతికి బయటపడుతున్నారనీ నౌకా సంస్థ అధిపతి లారెన్స్ హోల్ట్ గమనించారు. కొరవడినది కండబలం కాదు, కష్టాన్ని ఎదుర్కొన్న అనుభవమూ, తోటివానిపై, తనపై నమ్మకమూ. ఈ లోటు తీర్చడానికి ఇరువురూ 1941లో వేల్సులోని అబెర్డవీలో అవుట్‌వర్డ్ బౌండ్ శిక్షణను ఆరంభించారు. సుమారు నెల రోజులు నావికులూ, కార్మిక బాలురూ, విద్యార్థులూ కలసి తెరచాప ఎత్తేవారు, పర్వతాలు ఎక్కేవారు, ఆపన్నులను కాపాడే విధం అభ్యసించేవారు. కులీనుని బిడ్డ, కూలివాని బిడ్డ ఒకే త్రాడు పట్టుకొనక తప్పదు.

అయితే ఈ కాఠిన్యం అందరికీ సరిపడదు. గోర్డన్‌స్టన్ తొలి విద్యార్థులలో ఒకరైన ఫిలిప్ రాజకుమారునికి ఆ బడి ప్రీతిపాత్రం. ఆయన కుమారుడు ఛార్లెస్‌కు మాత్రం అది దుర్భరమైంది. బిడ్డ స్వభావం ఎరుగని సాహసం శిక్షగా మారునని మా అభిప్రాయం.

1956లో ఫిలిప్ పేరిట ఆరంభమైన యువజన పురస్కారానికీ, 1962లో వేల్సులో వెలసిన అట్లాంటిక్ కళాశాలకూ ప్రేరణ హాన్‌దే. 1974 డిసెంబరు 14న జాలెం సమీపాన వారు కన్నుమూశారు. అబెర్డవీలో శిక్షణ నేటికీ సాగుతున్నది.